ఏడు గంజులు, ఒక కిలో నాలుగు వందల గ్రాములు

ఫిబ్రవరి నెల మూడో గురువారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. హిమాయత్‌సాగర్ మీది నుంచి వచ్చిన పలుచని పొగమంచు అప్పటికే విడిపోయింది. మబ్బు లేదు, గాలి లేదు. నా ఫోను చూపిన ఉష్ణోగ్రత ఇరవై ఆరు డిగ్రీలు. శంషాబాద్‌లో విమానాశ్రయానికి వెళ్లే దారి పక్కన, ఇంటి సామాను విదేశాలకు పంపే ఒక కంపెనీ గోడౌన్ ఉంది. ఆ సమయానికి మా చెల్లెలి సామాను అక్కడ దిగింది.

చెల్లెలు కొత్వాల్‌గూడలో ఇరవై రెండేళ్లు పెళ్లిళ్లకు, పేరంటాలకు వంటలు చేసింది. మొదట్లో గ్యాసు బండ కిరాయికి తెచ్చుకుని చేసేది. తరువాత నలుగురు ఆడవాళ్లను పనికి పెట్టుకుంది. ఇప్పుడు బావతో కలిసి ఆస్ట్రేలియాలో ఉన్న కూతురి దగ్గరికి శాశ్వతంగా వెళ్తోంది. బావ రెండు నెలల ముందే వెళ్లి అక్కడ ఇల్లు చూశాడు. ఆమె విశ్రాంతికి వెళ్లడం లేదు. అక్కడి మనవాళ్ల ఇళ్లలో వేడుకలకు వండాలని నిర్ణయించుకుంది. ఉగాదినాడు అరవై మందికి భోజనం వండుతానని ఫోనులో మాట కూడా ఇచ్చేసింది. అందుకే కుర్చీలు, మంచాలు, బీరువా అన్నీ ఇచ్చేసి ఏడు ఇత్తడి వంట గంజులు మాత్రం పట్టుకుని వెళ్తానంది. వాటికి జనవరిలోనే కళాయి పోయించింది. మిగిలినవి బట్టలు, ఫొటోలు, దేవుడి సామాను. అవి ఆరు అట్టపెట్టెల్లో సరిపోయాయి.

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు దుకాణాల తూకాలు తనిఖీ చేసే ఉద్యోగం చేశాను. ఎవరు ఏమి చెప్పినా కాటా చెప్పేదే నమ్మడం నాకు అలవాటు. అందువల్ల ముందురోజు సాయంత్రం అయిదు గంటలకు కొత్వాల్‌గూడలో ఏడు గంజులనూ పాత నూలు చీరల్లో చుట్టించి, నా సొంత కాటా మీద తూచాను. చీరలతో సహా అరవై ఒక్క కిలోల మూడు వందల గ్రాములు. చెల్లెలు నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను చూసి నవ్వింది.

"అన్నా, నువ్వు పుట్టినప్పుడు అమ్మ నిన్ను తొట్టెల వేసిందా, కాటాల వేసిందా?"

"రేపు గోడౌన్ల కాటా ఎంత చూపిస్తదో చూస్త," అన్నాను.

ఆ రాత్రి అత్తాపూర్‌లో మా ఇంట్లో ఆమెకు ఒడిబియ్యం పోశాము. ఆడబిడ్డ పుట్టింటి నుంచి దూరం వెళ్లేటప్పుడు పసుపు కలిపిన బియ్యాన్ని ఆమె కొంగులో పోసి పంపడం మా వైపు ఆచారం. ఆ బియ్యం ఆమె తన ఇంట్లో వండి, ఇరుగుపొరుగును పిలిచి తినిపించాలి. పారేయకూడదు, దారిలో వదిలేయకూడదు. అమ్మానాన్నలు లేరు కాబట్టి ఆ బాధ్యత మాది. మా ఆవిడ అయిదు దోసిళ్లు పోసింది. దోసిలికి దోసిలికి తేడా ఉంటుంది. అందుకని ఆ బియ్యాన్ని నేను ముందే తూచి ఉంచాను. ఒక కిలో నాలుగు వందల గ్రాములు. ఒడిలో వేసిన ఎండుకొబ్బరి కుడుకలూ ఖర్జూరాలూ చెల్లెలు మా వీధి పిల్లలకు అక్కడే పంచేసింది. బియ్యం మూట పట్టుకుని ఆటోలో కొత్వాల్‌గూడ వెళ్లిపోయింది.

గోడౌన్‌లో ప్యాకింగ్ చూసే మేస్త్రీ మామిడిపల్లి మనిషి. నలభై దాటి ఉంటాయి. మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి, ఏవి పంపకూడదో ఒక్కొక్కటిగా చదివి వినిపించాడు. గింజలు, విత్తనాలు, పచ్చళ్లు, మట్టి అంటిన వస్తువులు. "ఆ దేశంల గిది చాల గట్టిగ చూస్తరక్కా. ఒక్క పెట్టెల దొరికినా మొత్తం సామాను ఆపుతరు. ఎన్ని దినాలు ఆపుతరో మనం చెప్పలేం." తినే వస్తువులు ఏవీ లేవన్న కాగితం మీద చెల్లెలు సంతకం చేసింది. పెన్ను గట్టిగా పట్టుకుని, ఎప్పటికంటే నెమ్మదిగా చేసింది. అది చూశాను గాని దానికి అర్థం వెతకలేదు.

తరువాత బరువు సంగతి వచ్చింది. విమానంలో వెళ్లే సరుకుకు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి లెక్క కడతారట. ఆ అంకె అసలు బరువు కంటే ఎక్కువైతే దానికే కిరాయి. అంటే గంజులోని ఖాళీకి కూడా బరువు ఉన్నట్టే. ఉద్యోగంలో నేను చూసిన దొంగ తూకాలలో ఇలాంటిది ఒకటీ లేదు. మేస్త్రీతో పావుగంట వాదించాను. చివరికి గంజులను ఒకదానిలో ఒకటి దించి మూడు చెక్కపెట్టెల్లో సర్దుదామని ఒప్పుకున్నాడు.

"అయితే ముందుగాల అన్నీ కలిపి తూద్దాం," అన్నాను.

కాటా అంకె అరవై రెండు కిలోల ఏడు వందల ఇరవై గ్రాముల వద్ద నిలిచింది.

ఒక కిలో నాలుగు వందల ఇరవై ఎక్కువ. కాటాదే తప్పని మొదట అనుకున్నాను. సంచిలోంచి నా ఇత్తడి తూకపు రాళ్లు తీశాను. అయిదు కిలోల రాయి, రెండు కిలోల రాయి, కిలో రాయి, అర కిలో రాయి. పనివాళ్లు చుట్టూ మూగారు.

"సార్, గీ రాళ్లు గూడ ఆస్ట్రేలియా పోతయా?" అని ఒకడు.

"లే లే, సార్ కాటాను దవాఖానకు తీస్కపోతుండు," అని ఇంకొకడు.

కాటాకు ఏ రోగమూ లేదు. ప్రతి రాయికీ సరైన అంకె చూపించింది. మేస్త్రీ విసుగును మర్యాదలో దాచుకుని అన్నాడు. "కిలోన్నర గూడ లేదు గద సార్. చీరలు తడిసినయేమో. ఇగ పోనీ. మూడు గంటలకు బండి కార్గోకు పోవాలె."

చీరలు తడిగా లేవు, చేత్తో ముట్టి చూశాను. ఇరవై గ్రాములు పక్కన పెడితే మిగిలేది ఒక కిలో నాలుగు వందలు. ఆ అంకెను నేను ముందురోజు రాత్రే చూశాను. చెల్లెలి వైపు తిరిగాను. ఆమె రన్‌వే వైపు చూస్తోంది. అక్కడ ఏ విమానమూ లేదు.

"ఒడిబియ్యం యాడ పెట్టినవ్?"

ఆమె నా వైపు తిరిగి, ఒక్కసారిగా గొంతు పెంచింది. "యాడ పెడత? చేతి సంచిల పెడితె ఏర్పోర్టుల పట్టుకుంటరని బిడ్డ చెప్పె. పుట్టింటి బియ్యం పారేసి పొమ్మంటవా? గంజుల్ల అయితె ఎవరు చూస్తరు అనుకున్న. ఒక్కొక్క గంజుల ఒక్కొక్క మూట కట్టి పెట్టిన. ఖాళీ గంజు ఇంట్లకెళ్లి బయటికి పంపుతరా, నువ్వే చెప్పు?"

"దొరికితె?"

"దొరకదు."

"దొరికితె గంజులు ఆపుతరు. ఉగాదికి అరవై మందికి దేంట్ల వండుతవ్?"

ఆమె కుర్చీలో కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది. మేస్త్రీ తన చేతిలోని కాగితం చూశాడు, గంజులు చూశాడు. "అక్కా, నీ సంతకం ఉంది దీని మీద. తెల్సినంక నేనైతె పెట్టెకు మేకు కొట్ట," అన్నాడు. అతను కోపంగా అనలేదు. నాకు మాత్రం అతను సరిగ్గానే మాట్లాడాడనిపించింది.

గంజుల చుట్టూ ఉన్న చీరలు విప్పించాము. ఏడు చిన్న మూటలు బయటికి వచ్చాయి. రవికల కోసం దాచిన గుడ్డముక్కల్లో కట్టినవి. ఆ ఇరవై గ్రాములు ఆ ముక్కలవే. రాత్రి ఒంటరిగా కూర్చుని కట్టిన మూటలు కావడంతో రెండింటి ముడులు వదులై గింజలు గంజుల అడుగున చెదిరాయి. వాటిని ఒక పళ్లెంలోకి దులిపి ఎత్తాము.

"ఇప్పుడీ బియ్యం ఏం జేస్తవన్నా? వాపసు తీస్కపోతవా? ఇచ్చిన ఒడిబియ్యం పుట్టింటికి వాపసు పోతయా ఎన్నడన్న?"

వెళ్లవు. ఆ సంగతి నాకూ తెలుసు. కొత్వాల్‌గూడ ఇంటి తాళాలు ఆ ఉదయమే యజమానికి ఇచ్చేసింది. పొయ్యి కూడా ఇచ్చేసింది. తన ఇంట్లో వండమంటే ఈ దేశంలో ఆమెకు ఇల్లు లేదు, ఆ దేశానికి బియ్యం రాకూడదు.

"ఇవ్వాళ నీ ఇల్లు యాడుంది?" అని అడిగాను. వాదన కోసం అడగలేదు. లెక్క తేలాలంటే ముందు ఆ అంశం తేలాలి.

ఆమె చుట్టూ చూసింది. ఆరు అట్టపెట్టెలు, మూడు చెక్కపెట్టెలు, నేల మీద ఏడు గంజులు.

"గిదే," అంది. తరువాత మేస్త్రీతో, "తమ్మీ, మీరు ఛాయ్ యాడ పెట్టుకుంటరు?" అంది.

గోడౌన్ వెనక రేకుల నీడలో పనివాళ్ల గ్యాసు పొయ్యి ఉంది. ఆమె పైట నడుముకు దోపి అక్కడికి నడిచింది. అప్పటివరకు ఉన్న మనిషి ఆమె కాదు. "పదిహేను నిమ్మకాయలు, పల్లీలు పావుకిలో, పచ్చిమిర్చి, కరివేపాకు, నూనె ప్యాకెట్. జల్దీ తెప్పియ్యి," అని మేస్త్రీకి పని చెప్పింది. అతను బండి తీసుకుని తానే వెళ్లాడు.

ఏడింటిలో చిన్న గంజు పొయ్యి ఎక్కింది. పసుపు ముందే కలిసి ఉన్న బియ్యం కాబట్టి పులిహోర తప్ప మరొకటి ఆమెకు తోచలేదట. నీళ్లు ఎన్ని పోయాలో నేను చెప్పబోయాను.

"అన్నా, కాటా దగ్గర నీ మాట. పొయ్యి దగ్గర నా మాట. జర దూరం జరుగు."

దూరం జరిగాను. అన్నం ఉడికేంతలో నా నెత్తి మీదుగా మూడు విమానాలు దిగాయి.

పన్నెండున్నరకు అందరం చెక్క పలకల మీద, మడిచిన అట్టముక్కల మీద కూర్చున్నాము. ప్యాకింగ్ పనివాళ్లు ఏడుగురు, మేస్త్రీ, గేటు దగ్గర కాపలా మనిషి, చెల్లెలు, నేను. వడ్డించే ముందు ఆమె కాస్త అన్నం తీసి తూర్పు దిక్కున ఒక కాగితం మీద పెట్టి మొక్కింది. "మా ఇంటి ఒడిబియ్యం. ఇరుగుపొరుగు మీరే. కడుపు నిండ తినుర్రి," అంది.

"అక్కా, గీ గోడౌన్ల దావత్ ఎన్నడు కాలే. మల్లెప్పుడు పోతవ్?" అని ఒకడు అడిగాడు.

"ఓసారి పోయి చూసొస్త. బాగలేకుంటె మల్ల ప్యాకింగ్‌కు నీ దగ్గరికే వస్త," అంది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, ఆ ఉదయం మొదలైనప్పటి నుంచి మొదటిసారి.

గంజులో మెతుకు మిగలలేదు. పిండిన నిమ్మచెక్కలతోనే ఆమె దాన్ని లోపలా బయటా తోమింది. ఎండలో బోర్లించింది. మిగిలిన ఆరింటినీ నేను తడిగుడ్డతో తుడిచి, ఫోను వెలుతురు వేసి చూశాను. చీరలు ఒక్కొక్కటీ గేటు బయట దులిపాము. రెండు గంటల పది నిమిషాలకు ఏడూ ఆరి, చుట్టుకుని, మళ్లీ కాటా ఎక్కాయి. అరవై ఒక్క కిలోల మూడు వందల గ్రాములు. మేస్త్రీ నా వైపు చూశాడు. తల ఊపాను. మేకులు పడ్డాయి. బండి అనుకున్న వేళకే వెళ్లింది.

చెల్లెలు ఆ ఆదివారం విమానం ఎక్కింది. ఆ తరువాత పదిహేడో రోజు ఉదయం ఫోను చేసింది. సామాను చేరింది. అక్కడి తనిఖీ అధికారి ఒక చెక్కపెట్టె తెరిపించి, గంజులన్నీ తీసి టార్చి వేసి చూశాడట. పెద్ద గంజు అంచు మడతలో ఒక పసుపు గింజ ఇరుక్కుని కనిపించిందట. దాన్ని చిమటాతో లాగి, చిన్న కవరులో వేసి, ఏదో రాసుకుని తీసుకుపోయాడట. మిగిలినదంతా వదిలేశాడు.

"పరేషాన్ అయినవా?" అని అడిగాను.

"కొంచెం. గాని అన్నా, ఒక్కటన్న వచ్చింది గద ఇక్కడికి," అంది.

గోడౌన్ కాటా చూపగలిగిన అతి చిన్న తేడా ఇరవై గ్రాములు. ఒక బియ్యపు గింజ దానికి కనబడదు. ఆనాడు నేను సున్నా అనుకున్న చోట ఒకటి ఉంది. ఆ అంకెను ఇక్కడ సరిదిద్దుతున్నాను.

ఉగాదినాడు ఆమె ఒప్పుకున్నది అరవై మందికి. వచ్చినది డెబ్బై నలుగురు. అన్నం చాలింది.

మొత్తం లెక్క ఇది. పంపిన గంజులు ఏడు, చేరినవి ఏడు. ఒడిబియ్యం ఒక కిలో నాలుగు వందల గ్రాములు, అది తిన్నవాళ్లు పదకొండు మంది. సముద్రం దాటిన గింజ ఒకటి.