గోడమీది నాన్న వేషం

మా మామ పోయాడని పోయిన నెల కుప్పం నుంచి అత్త ఫోన్ చేసినప్పుడు నాకు ముందుగా వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఆ మనిషి అప్పటికే తొమ్మిది సినిమాల్లో చచ్చిపోయి ఉన్నాడు. అది చాలదా?

మీరూ ఆయన్ని చూసే ఉంటారు. హీరో ఇంట్లో దండ వేసిన ఫొటో ఒకటి ఉంటుంది కదా, దాని ముందు నిలబడి హీరో శపథం చేస్తాడు కదా, ఆ ఫొటోలోని నాన్న మా అమ్మ తమ్ముడే.

సినిమాలకు ముందు ఆయన పుంగనూరులో, మదనపల్లెలో, నిమ్మనపల్లె పక్క పల్లెల్లో నాటకాలాడేవాడు. అన్నీ రాజు వేషాలే. రాగం తీస్తే జనం వన్స్‌మోర్ అనేవాళ్లు. కుదురు మాత్రం లేదు. కిరీటం పెట్టుకొని తెర వెనక అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవాడు. మా ఇంటికొచ్చినా అంతే, గ్లాసు చేతబట్టుకొని వాకిట్లో తిరుగుతూ కాఫీ తాగేవాడు. "కూర్చుంటే మాట మర్సిపోతానమ్మా" అనేవాడు. ఈరోజు నేను క్లాసులో నడుస్తూ, బెదురు లేకుండా పాఠం చెబుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే.

అలాంటి మనిషికి సినిమాల్లో దొరికిందేమో కదలకుండా, మాట్లాడకుండా ఉండే వేషం. నాకు ఒళ్లు మండేది. ఆయన మాత్రం, ఫొటో అయినా చూపు సరిగ్గా లేకపోతే హీరో ఎవరితో చెప్పుకుంటాడని నాతో వాదించేవాడు.

అత్తకు ఆ వేషమంటే భయం. షూటింగ్ నుంచి వచ్చినప్పుడల్లా ఆయన్ని గడప బయటే నిలబెట్టి, ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసి, ఆ తర్వాతే లోపలికి రానిచ్చేది. మామ నవ్వుకుంటూ నిలబడేవాడు. కదలకుండా ఆయన నిలబడింది అక్కడొక్కచోటే.

పదకొండోరోజుకి ఫొటో కట్టించుకు రమ్మని నాకు చెప్పారు. ఆయన పెట్టెలన్నీ వెతికాను. ఏది తీసినా కిరీటం, మీసం, రంగు. మామ ముఖం మామ ముఖంలా ఉన్నది ఒక్కటే, సినిమావాళ్లు గోడకు తగిలించడానికి తీసింది. అత్త ఇంట్లో ఉంచనివ్వలేదని ఎప్పుడో నాకిచ్చాడు. "యాల పారేసేది, బాగుండాది గదా" అన్నాడు. మదనపల్లెలో ఫ్రేము కట్టేంతసేపూ అంగడి ముందు తిరుగుతూనే ఉన్నాను. కుప్పం బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయాను. దాన్ని చూసి అత్త ఏమైపోతుందోనని ఒకటే గుబులు.

అత్త ఫొటోని కొంగుతో తుడిచి, తనే గోడకు తగిలించింది. నేను దండ అందించాను. దాన్ని ఫొటో దాకా ఎత్తి, మళ్లీ నా చేతిలోనే పెట్టేసింది.

"సినిమావాళ్లు దండేసిన ప్రతిసారీ మీ మామ ఇంటికొచ్చినాడమ్మా. నేనేసినానంటే ఇంగ రాడు."

ఎవరూ బలవంతం చేయలేదు. సాయంత్రం చెప్పులు వేసుకుంటూ చూశాను. గడప పక్కన చిన్న పళ్లెంలో ఉప్పూ, మిరపకాయలూ పెట్టి ఉన్నాయి.