గ్రీకాయన ఎందుకు దూకలేదు

మా మేనత్త భర్త గ్రీకు దేశపు సరుకుల ఓడలో వంటవాడు. ఆ ఓడ కెప్టెన్‌కి చదరంగం పిచ్చి. తను చదివేసిన చదరంగం పత్రికలు మావయ్యగారికి ఇచ్చేసేవాడు. సెలవుకి రాజోలు వచ్చినప్పుడల్లా ఆయన వాటిని ట్రంకుపెట్టె అడుగున పరుచుకుని తెచ్చేవారు. ఆ అక్షరాలు మాకెవరికీ రావు. కానీ ఆటల బొమ్మలుండేవి, అత్తయ్యకి అవి చాలు.

ప్రతి పత్రికలోనూ ఒక గ్రీకాయన ఫొటో ఉండేది. మొదట చూసినప్పుడు నూనూగు మీసాల కుర్రాడు. నేను హైస్కూలుకి వచ్చేసరికి కళ్లజోడు పెట్టాడు, కాలేజీకి వచ్చేసరికి నుదురు నడినెత్తి దాకా పాకింది. నవ్వుతుంటే గెలిచాడని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుంటే ఓడాడని మా లెక్క. ఆయన గ్రాండ్‌మాస్టర్ అయ్యాడన్న కబురు మావయ్యగారు మోసుకొచ్చిన రోజు అత్తయ్య పాలతాలికలు వండి ఇరుగుపొరుగుకి పంచింది. ఎవరికోసమని అడిగినవాళ్లకి "మావాడేనండి" అని చెప్పింది.

అలాంటి మనిషి ఒక ఆటలో ఓడిపోయాడని మావయ్యగారు చెబితే ఆవిడకి ఒళ్లు మండింది. బొమ్మలో ఆయన రాజు మూలన ఇరుక్కుని ఉన్నాడు. మా ఊరి పద్ధతిలో ఆటకి ఒక్కసారి రాజు గుర్రంలా దూకొచ్చు.

"దూకితే బయటపడిపోయేవాడు కదండీ. ఎందుకు దూకలేదో కెప్టెన్‌గారిని అడగండి," అంది.

ఆ జవాబు ఆవిడకంటే నాకే ఎక్కువ అవసరం. అమలాపురం కాలేజీలో అసలు రూల్సు నేర్చుకుని వచ్చి, రాజు దూకడం ఎక్కడా లేదని మొత్తుకున్నా ఆవిడ వినలేదు. ఆదివారం చర్చి నుంచి రాగానే వసారాలో చదరంగం బల్ల పరిచేది. గెలుపు నా చేతికందే వేళకి ఆవిడ రాజు దూకేసేవాడు. అదొక్కటీ లేకపోతే ఎప్పుడూ నేనే గెలుస్తానని ఉడుక్కుంటూ మావయ్యగారి సెలవు కోసం ఎదురుచూశాను.

మరుసటి ఏడు ఆయన వచ్చి కాళ్లు కడుక్కోకముందే అడిగాను.

"రాజు దూకకూడదంటమ్మా. ఆ దేశంలో అసలా ఎత్తే లేదంట," అన్నారు.

నాకు పట్టరాని సంతోషం. అత్తయ్య పాత పత్రిక తీసి ఆ ఫొటో ముందు కూర్చుంది.

"దూకే వీల్లేకుండానే ఇన్నేళ్లు నెట్టుకొచ్చేరా మీరు? తెలీక ఏడాదంతా తిట్టేనండి, ఏమీ అనుకోకండి," అంది ఫొటోలో ఆయనతో. తర్వాత నాకేసి తిరిగి, "రావే, ఈయన పద్ధతిలోనే ఆడదాం," అంది.

ఎగిరి గంతేసినంత పనిచేసి కూర్చున్నాను. దూకు ఉందన్న ధీమాతో ఇన్నాళ్లూ రాజుని ఎక్కడ పడితే అక్కడ తిప్పిన మనిషి, ఆ పూట వాణ్ణి చంటిపిల్లాడిలా కాచుకుంది. మావయ్యగారి కాఫీ చల్లారకముందే నా రాజు మూలన ఇరుక్కున్నాడు. నాకు తెలియకుండానే వాణ్ణి పైకెత్తి, గుర్రం ఎత్తు దూరంలో ఉన్న ఖాళీ గడి మీదికి చెయ్యి చాపాను.

అత్తయ్య మెల్లిగా నా చెయ్యి పట్టుకుని, "దూకకూడదంట కదే," అంది.