లెక్క ఆగనివ్వని సాలవ్వ అత్త

మా సాలవ్వ అత్త ఇక లేదు. ఈ వార్త నాకు ఫోన్‌లో తెలిసింది. పొద్దున్నే కరీంనగర్ నుంచి జమ్మికుంట బస్సెక్కి, మా కుటుంబం గ్రూపు తెరిచాను. ఎవరో చుట్టం పంపిన శుభోదయం పూల బొమ్మ, దాని కిందే మా అన్న ఆది పెట్టిన రెండు మాటలు: "అత్త పోయింది." ఏం చేయాలో తోచలేదు. పూలు పంపిన చుట్టానికి ఫోన్ చేసి, బస్సంతా వినేలా తిట్టాను. పాపం, ఆయన పూలు పంపేటప్పటికి ఆ వార్తే లేదు. తిట్టడం అయ్యాక ఏడుపొచ్చింది.

ఇచ్చోడలో ఆమెతో కలిసి పెరిగినవాళ్లు, కరీంనగర్‌లో ఆమె దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్లు, ఆమె పెట్టిన పేరుతో తిరుగుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ నాలుగు మాటలు వాళ్ల కోసం. ఆమె ఎవరో తెలియనివాళ్లకు కూడా తెలియాలని నా ఆశ.

సాలవ్వ మా బాపుకు అక్క, నాకు మేనత్త. ఇచ్చోడ దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంట్లో ముగ్గురు ఆడపిల్లల తర్వాత నాలుగో ఆడపిల్లగా పుట్టింది. అప్పట్లో ఇక ఆడపిల్లలు వద్దనుకున్న ఇళ్లలో ఒక ఆచారం ఉండేది. పుట్టిన పిల్లకు "సాలు" అని, అంటే ఇక చాలని, పేరు పెడితే దేవుడు విని లెక్క ఆపేస్తాడట. అట్లా ఆమె సాలవ్వ అయింది. "అటు మరాఠోల్ల దిక్కు వద్దన్న పిల్లకు నకుశ అని పెడ్తరు, ఇటు మనోళ్లు సాలవ్వ అని పెడ్తరు. బాస మారింది గని బాధ మారలే" అనేది. ఆమె తర్వాత మా బాపు పుట్టాడు. ఊరంతా చక్కెర పంచారట. "నా పేరు పనిజేసిందని అందరు మెచ్చుకున్నరు. నన్నైతే ఎవ్వలు మెచ్చుకోలే" అని చెప్పి తనే నవ్వేది. ఆ మాట వచ్చినప్పుడల్లా మా బాపు మాత్రం లేచి బయటికి పోయేవాడు.

బడిలో చేర్పించేటప్పుడు సారు "ఇదేం పేరమ్మా, శాలిని అని రాసుకుంటా" అన్నాడట. చిన్నపిల్ల, ససేమిరా అంది. ఎందుకత్తా అని నేను ఒకసారి కోప్పడ్డాను. నాకైతే ఆ పేరు పెట్టినవాళ్లను పట్టుకుని కొట్టాలనిపించేది. "ఎందుకు మార్సుకోవాలె కోడలా? రేపు ఇంకో ఇంట్ల ఇంకో పిల్లకు గీ పేరు పెట్టపోతె, నా మొకం జూసి సిగ్గుపడాలె గద" అంది.

సరిగ్గా అదే జరిగింది. లెక్కల టీచర్‌గా కరీంనగర్‌కు వచ్చిన కొత్తలో, పక్కింటి ఆటో డ్రైవర్‌కు మూడో ఆడపిల్ల పుట్టింది. ఉయ్యాలలో వేసి పేరు పెట్టే తొట్టెల నాడు ఆ ఇంటి ముసలమ్మ మూతి ముడుచుకుని "సాలవ్వ అని పెట్టుండ్రి, పీడ పోతది" అంది. పక్కన నిలబడ్డ టీచరమ్మ పేరేమిటో ఆమెకు తెలియదు. "సాలవ్వను నేనున్న గదా అవ్వా, ఇంకొకతెందుకు?" అంటూ అత్త పిల్లను ఒళ్లోకి తీసుకుంది. "రెండు నదులు గలిస్తే మునగనీకి ఎవలు పోతరు? మూడోది అస్తేనె త్రివేణి" అంది. ఆ పిల్ల త్రివేణి అయింది. ముసలమ్మ ఆ సాయంత్రమే పాలడబ్బా పట్టుకుని వచ్చి, "టీచరమ్మా, తప్పు వట్టకు" అని గడపలో కూర్చుందట.

అప్పటి నుంచి ఇలాంటి లెక్కల పేర్ల కోసం జనం రావడం మొదలైంది. అత్త ఇంటి దగ్గర కూర్చుని ఎవరికీ పేరు చెప్పేది కాదు. పిల్ల ఉన్న ఇంటికి పోవాలి, చాయ తాగాలి, ఆ ఇంటి ముచ్చట్లు వినాలి. "లెక్క ఇంట్లకెల్లి రావాలె. బయటికెల్లి తెచ్చిపెడితె అది పేరు గాదు, గోడకు గొట్టిన నంబరు" అనేది. ఒకసారి కోటి అని పెట్టమని ఒకాయన పట్టుబట్టాడు. "పోరనికి పేరు పెడ్తున్నవా, పత్తికి రేటు పెడ్తున్నవా?" అని చాయ సగం వదిలేసి వచ్చేసింది.

ఇచ్చోడలో ఒక జంటకు పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోయారు. ఈసారి ఆడపిల్ల బతికింది. దిష్టి తగలకుండా పెంటమ్మ అని పెడతామన్నారు. అత్త ఆ పిల్లకు బిందు అని పెట్టింది. "బిందువంటే సున్న. సెడు కన్నువెట్టేటోనికి ఏం గనబడది. గని సున్న ఎవని పక్కకు నిలవడితె వాని ఇలువ పదింతలు" అంది. ఆ బిందు ఇప్పుడు కరీంనగర్‌లో నర్సు. అత్త చివరి రోజుల్లో పక్కన నిలబడింది ఆ బిందునే.

అన్నిసార్లూ అత్త లెక్క కుదిరిందని అనుకోకండి. ఒక ఇంట్లో ఆఖరి సంతానం అని చెబితే, ఇక ఈ ఇల్లు నిండిందని ఆ పిల్లకు పూర్ణ అని పెట్టింది. రెండేళ్లు తిరగకుండానే ఆ ఇంట్లో ఇంకో పిల్లాడు పుట్టాడు. వాడకట్టంతా "ఏం టీచరమ్మా, మీ పూర్ణం పగిలిందా?" అని ఆటపట్టించింది. అత్త ఏమీ తొణకలేదు. "భాగారం జేసినంక శేషం మిగులదా? శేషు అని పెట్టుండ్రి" అంది. ఆ శేషు ఇప్పుడు ఆరడుగులున్నాడు. అత్త పాడె మోసినవాళ్లలో అతనొకడు.

ఇక నా పేరు. అన్న ఆది, నేను విదియ. బడిలో నన్ను చూసి "విదియ వచ్చింది, తదియ రాలేదా?" అని ఏడిపించేవాళ్లు. ఒకడిని నీళ్ల సీసాతో కొట్టి, ఇంటికొచ్చి అత్త మీద పడ్డాను.

"అన్న ఫస్టు, నేను సెకండా? ఏం పేరు పెట్టినవ్ నాకు?"

అత్త కొంగు ముడి విప్పి ఒక సుద్దముక్క నేల మీద పెట్టింది. "లెక్కవెట్టు."

"లెక్కవెట్టుడేంది, ఒక్కటే గదా!"

"గదే మరి. ఒక్కటుంటె ఉన్నదంటం. రెండోది అచ్చినంకనే లెక్కవెడ్తం." ఇంకో ముక్క దాని పక్కన పెట్టింది. "లెక్క నీ కెల్లి మొదలైంది కోడలా. గా పోరనికి చెప్పు. సీసా పలిగితె మల్ల నేనే కొనియ్యాలె."

కొన్నాళ్లకు ఒక సాయంత్రం మేడ మీదికి తీసుకుపోయి, పడమట గోరంత చంద్రుణ్ణి చూపించింది. "నిన్న పాడ్యమి. చంద్రుడు ఉన్నడు గని ఎవ్వలకు గనబడలే. గనబడేది విదియ నాడే, నీ దినం నాడే" అంది. ఆ తర్వాత నా పేరు గురించి నేను ఎవరినీ కొట్టలేదు. వేరే కారణాలకు కొట్టాను.

నా ప్రతి పుట్టినరోజుకూ అత్త నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చేది. దీవెనలు ఆఖర్న, ముందు లెక్క. "కోడలా, ఇయ్యాల్టి సంది నీ వయసు ఎన్నిటితోని పోతది?" అని అడిగేది. మొన్న ఇరవై మూడు నిండినప్పుడు మాత్రం తనే జవాబు చెప్పింది: "ప్రధాన సంఖ్య! గీ ఏడాది నిన్ను ఎవ్వలు భాగించలేరు. పండుగ జేస్కో."

ఆ పండుగ ముగియకముందే రెండు సంగతులు జరిగాయి. అన్నకు బిడ్డ పుట్టింది. అత్త ఆసుపత్రిలో చేరింది. మా వైపు తొట్టెలలో పిల్ల చెవిలో పేరు చెప్పేది మేనత్త. ఆ పిల్లకు మేనత్తను నేనే అయినా, పేరు సాలవ్వ అత్తే చెబుతుందని అందరమూ అనుకున్నాం. నేను ఫోన్‌లో అంకెల పేర్లన్నీ వెతికి పెట్టుకుని ఆమె మంచం పక్కన కూర్చున్నాను.

"అత్తా, సహస్ర?"

"మా బడిల సహస్రా అని పిలిస్తె సగం క్లాసు లేస్తది."

"శతాక్షి?"

"నూరు కండ్లు. కాటుక నువ్వే పెడ్తవా?"

"అనంత?"

"అంతం లేకుంటె మంచిదే. మొదలు గూడ ఉండాలె గద."

నాకు కోపం వచ్చింది. "అయితె నువ్వే చెప్పు!"

"నేను చెప్ప. నీకు మేనత్తను నేను, దానికి మేనత్తవు నువ్వు. ఫోను అవతల వెట్టి, పోయి ఆ ఇంట్ల గూసో. లెక్క అదే అస్తది."

"అక్కా, ఇగ మాట్లాడియ్యకు, టీచరమ్మకు ఆయాసమైతుంది" అని బిందు నన్ను లేపింది. లేచాను. అత్తతో నా ఆఖరి మాట కోపంలో అన్న ఆ మాటే. ఆమె దానికి కూడా నవ్వుతూనే ఉంది. మర్నాడు పిల్లను చూడ్డానికి బస్సెక్కితే, దారిలో ఆ పూల బొమ్మ.

దినాలైపోయాక, ఆగిపోయిన తొట్టెల జమ్మికుంటలో వదిన వాళ్లింట్లో పెట్టుకున్నారు. వదిన వాళ్ల బాపు పత్తి వ్యాపారి, పెద్దమనిషి. నన్ను గుమ్మంలోనే అడిగాడు: "తల్లీ, మీ అత్త ఏం పేరు చెప్పిపోయింది? చెప్పకుంటె నేను ఒకాయనతోని చూపిచ్చిన. అక్షరాలు కూడితె ఐదు అస్తది, పిల్లకు కలిసొస్తది."

చెప్పింది అని ఏదో ఒక పేరు అనేస్తే అయిపోయేది. పోయిన మనిషి మాటకు ఆ ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పరు. కానీ ఆమె పేరు మీద దొంగలెక్క వేయడం నా వల్ల కాలేదు.

"చెప్పలే. నేనే పెడ్త."

"ఏం పెడ్తవో చెప్పు మరి."

"ఇంకా తెల్వది."

"తెల్వకుంటెట్ల తల్లీ? గడియ దాటుతుంది."

"గడియ మీ జేబులున్నదా? జెర ఆగుండ్రి!" అని అరిచాను.

ఆయన నొచ్చుకోలేదు. "యార్డుల పత్తి వేలం కాడ గూడ గింత కోపం జూడలే" అని అన్న వైపు చూశాడు. అన్న ఉయ్యాల వైపు చూశాడు. వదిన మాత్రం మెల్లగా "విదియా, నువ్వే పెట్టు" అంది.

ఫోన్ అన్న చేతికిచ్చాను. ఉయ్యాల పక్కన పరిచిన చాప మీద కూర్చోబోతే, గోడకానుకుని కూర్చున్న మా బాపు "జెర ఇవతలికి గూసో బిడ్డా. ఎవల తొట్టెలైన గా తలాపు కాడ సాలక్క గూసునేది" అన్నాడు. పాటలు పాడే ఆడవాళ్లు కూడా ఆ చోటు వదిలే కూర్చున్నారు. నేను జరిగాను. ఆ ఖాళీ చోటు, దాని పక్కన నేను, నా పక్కన ఉయ్యాలలో మూతి చప్పరిస్తున్న పిల్ల. అంతే. ఇక వెతకాల్సిన పని లేకపోయింది.

వంగి పిల్ల చెవిలో చెప్పాను. "తదియ. తదియ. తదియ."

వదిన వాళ్ల బాపు పేరును నోట్లో ఒకసారి తిప్పుకుని చూశాడు. "పిలువనీకి మంచిగనే ఉన్నది. గని తదియంటె మూడు గద? ఆదికి ఇదే మొదటి బిడ్డ. మూడెట్లయింది? ఎవలి కెల్లి లెక్కవెట్టినవ్ తల్లీ?"

నేను నోరు తెరిచేలోపే మా బాపు లేచి నిలబడ్డాడు. ఈసారి బయటికి పోలేదు.

"మా సాలక్క కెల్లి" అన్నాడు.

అత్తా, నీ వంటి మనిషి మాకు మళ్లీ దొరకదు. వచ్చే పుట్టినరోజుకు నాకు ఇరవై నాలుగు. రెండుతో పోతుంది, మూడుతో పోతుంది, ఎన్నింటితోనో పోతుంది. ఆ ఏడాది నన్ను ఎవరైనా భాగించగలరు. అయినా పండుగ చేసుకొమ్మని చెప్పడానికి ఏదో ఒక కారణం వెతికేదానివి నువ్వు. ఆ కారణం ఏమిటో ఇప్పటి నుంచే ఆలోచిస్తున్నాను, ఫోన్ అవతల పెట్టి.