మాణిక్యమ్మ అడిగిన నీళ్లు

ఈ ఉదయం మా ఇంటి ముందునుంచి ఒక ట్రాక్టరు ట్రాలీ నిండా పెంటతో వెళ్లింది. బాగా మాగిన పెంట. పచ్చి పేడ వాసన ముక్కులో గుచ్చుకుంటుంది. మాగిన పెంట వాసన అలా ఉండదు. గోతిలోంచి తవ్వి తీసిన రోజున అది కొంచెం వెచ్చగా, అప్పుడే తడిసిన నల్లరేగడి వాసనలా ఉంటుంది. వసారాలో కూర్చుని చాయ్ తాగుతున్నవాణ్ని గ్లాసు కింద పెట్టి, ట్రాలీ మలుపు దాటేదాకా చూశాను. వాగు వైపు తిరుగుతుందేమోనని నా అనుమానం. తిరగలేదు, మిట్ట చేల దారి పట్టింది. మాణిక్యమ్మ ఉంటే ఆ డ్రైవర్ని ఆపి ఒక మాట మెచ్చుకునేది. ట్రాలీ మీద టార్పాలిన్ పట్టా ఎందుకు కప్పలేదని వెంటనే నాలుగు మాటలు తిట్టేది కూడా.

మాది అమరచింతకూ కృష్ణకూ మధ్యనున్న ఊరు. మా ఇంటిని ఇప్పటికీ గడి, అంటే దొరల కోట, అంటారు. నిలబడి ఉన్నవి రెండు గదులు, ఒక వసారా. మా ఇంటిపేరు ఇక్కడ రాయను. తెలిసినవారికి తెలుసు, తెలియనివారికి చెప్పి ప్రయోజనం లేదు. వాగునుంచి గుట్టదాకా మా చేలే ఉండేవని పెద్దలు చెప్పేవారు. నా చేతికి వచ్చేసరికి ఇంటి వెనకనుంచి వాగుకు దిగే ఏటవాలు చేను, ఒక జత ఎద్దులు, రెండు బర్రెలు మిగిలాయి. వాటితో పాటు ఒక పెంటదిబ్బ మిగిలింది.

దిబ్బ గురించి గొప్పగా చెబుతున్నానని పట్నం పాఠకులు నవ్వుకోవచ్చు. మా వైపు ఒక ఇంటి సత్తువ దాని పెంటదిబ్బ ఎత్తులో కనిపించేది. పిల్లనివ్వడానికి వచ్చినవాళ్లు ముందు దిబ్బను చూసి, తర్వాత ఇంట్లోకి వచ్చేవారు. దీపావళి సాయంత్రం ప్రతి ఇంటివాళ్లూ తమ దిబ్బ మీద ఒక దీపం పెడతారు. లక్ష్మి ఉండే చోటు అది. మొదటి దీపం గడి దిబ్బ మీద వెలగాలి. అది చూశాకే మిగతా ఊరు వెలిగించుకునేది. మా కొట్టాలు కూలిపోయాక కూడా ఆ వరస తప్పలేదు. ఎన్ని పోయినా ఏడాదికి ఒక సాయంత్రం ఊరంతా మా వైపు చూసేది. ఆ ఒక్క సాయంత్రం కోసం నేను ఆ దిబ్బను ప్రాణంలా చూసుకున్నాను.

మాణిక్యమ్మ మా ఊరి సర్పంచిగా ఒక దఫా పనిచేసింది. ఆమె మామ ఒకప్పుడు మా ఎడ్లబండి తోలాడు. ఆమె అది దాచేది కాదు, ఎత్తిపొడిచేదీ కాదు. మనిషి ఎత్తరి, గొంతు ఇంకా ఎత్తు. పంచాయతీ ఆఫీసులో నవ్వితే బస్సు కోసం నిలబడ్డవాళ్లకు వినిపించేది. ఆమె సర్పంచి అయిన ఏడాదే, తొలి వానలకు, కింది వాడలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. పైపులైను నీళ్లు ఆ వాడకు సరిగా ఎక్కవు. వాళ్లకు వాగు పక్కనున్న బోరే ఆధారం. పిల్లల్ని ఆటోల్లో వేసుకుని వనపర్తి దవాఖానకు పరుగెత్తారు. కురుమ హుసేనప్ప మనవరాలు సెలైన్లతో చాలా రోజులు మంచం మీద ఉండి, చివరికి బతికి బయటపడింది. బోరు నీళ్లు పరీక్షకు పట్టుకుపోయారు. పైనున్న దిబ్బల ఊట, వాగు గట్టు చేలలో చల్లిన పెంట వానకు కొట్టుకొచ్చి బోరు చుట్టూ నేలలోకి ఇంకుతున్నాయని తేల్చారు.

ఆ తర్వాత మండలం నుంచి అధికారి వచ్చి పంచాయతీ రేకుల షెడ్డు కింద నియమాలు చదివాడు. బోరుకూ వాగుకూ దగ్గర్లో దిబ్బలు ఉండకూడదు. గోతులు తీసి, చుట్టూ కట్ట పోసి, పైన కప్పాలి. వానలు పట్టాక వాగు గట్టు చేలలో పెంట చల్లకూడదు, ఎరువు కోసం గొర్రెల మంద పెట్టించకూడదు. గట్టు పొడవునా కొంత మేర గడ్డి వదలాలి.

"గడ్డి వదిలితే మేమేం తినాలె సారూ, గడ్డా?" అన్నాడు వెనకనుంచి ఎవరో.

"రేపు ఎద్దు పేడ ఏసే ముందు గూడ పర్మిషన్ తీస్కోమంటరు," అన్నాడు హుసేనప్ప. మనవరాలు అప్పటికింకా దవాఖానలోనే ఉంది. అయినా అతనికి నోరు ఊరుకోదు. అందరూ నవ్వారు. నవ్వు తగ్గాక అతనే మళ్లీ అందుకున్నాడు. "మా కుప్పలెంత, మేమెంత? ముందు గడి దిబ్బ కదలనియ్యిండ్రి. ఆనెంక మావి."

షెడ్డు కింద ఉన్నవాళ్లందరూ నా వైపు తిరిగారు. నేను లేచి నిలబడి, అది మా తాతల నాటి జాగా అని, కదలదని చెప్పి ఇంటికి వచ్చేశాను. నోటీసు వస్తుందని ఎదురుచూశాను. వస్తే ఏం రాయాలో కూడా మనసులో సిద్ధం చేసుకున్నాను.

నోటీసు రాలేదు. మర్నాడు పొద్దున మాణిక్యమ్మే వచ్చింది. గేటు బయట చెప్పులు విడిచి, "దొరా, ఉన్నవా?" అని పిలిచింది.

"నోటీసు తెచ్చినవా?" అన్నాను.

"నోటీసుదేముంది, రాయనీకె ఆఫీసుల మనిషున్నడు. గా నోటీసు నీకిస్తే నువ్వు దిబ్బ తీస్తవు, ఊరోళ్లు నవ్వుతరు. మల్ల వానకాలానికి అందరు ఏసిన కాడ్నే ఏస్తరు. నాకు గది ఒద్దు." ఆమె నన్ను దాటుకుని పెరట్లోకి నడిచి, దిబ్బ అడుగున కారుతున్న నల్లటి నీటిని చూపుడువేలితో చూపించింది. "గిది సూడు. నీ కంది చేనుకు పోవాల్సిన బలమంత వాగుకు పోతుంది. వాగుకేమన్న కంది కాస్తదా?"

ఆమె నా వైపు తిరిగింది.

"మీ ఇంటి దీపం సూసే ఊరు దీపం పెడ్తది. ఔనా కాదా? నువ్వు ఏడ పెడ్తె ఆడ పెడ్తరు. గా పని నాతోని కాదు, సారుతోని గూడ కాదు. నీతోనే అయితది."

నన్ను తగ్గమని అడగడానికి వచ్చిందనుకున్నాను. ఆమె వచ్చింది నా పంతాన్ని ఒక పనికి పెట్టడానికి. నా జీవితంలో అంతకుముందు ఎవరూ ఆ పని చేయలేదు. కొందరు నా పంతాన్ని చూసి నవ్వారు, కొందరు భయపడినట్టు నటించారు. దానితో ఊరికి ఉపయోగం ఉంటుందని చెప్పిన మొదటి మనిషి మాణిక్యమ్మ.

ఆ రోజే ఇద్దరం చేను చుట్టూ తిరిగి, వాగుకు ఎదురు వాలులో, గుట్ట వైపు గోతికి చోటు చూశాం. వానలు వెనకపట్టాక గొయ్యి తవ్వించాను. దీపావళి సాయంత్రం ఊరంతా చూస్తుండగా, పాత దిబ్బ దాటి కొత్త గోతి కట్ట మీద దీపం పెట్టాను. ఊళ్లోవాళ్లు కూడా ఆమె చూపించిన కొత్త చోట్లలో దీపాలు పెట్టారు. మాణిక్యమ్మ సంతోషంతో ఇంటింటికీ శనగ గుగ్గిళ్లు పంచింది.

మర్నాడు తెల్లవారి చూస్తే పాత దిబ్బల మీద కూడా ప్రమిదలున్నాయి. మాతో ఉండే మా మేనత్త, ఇన్నేళ్లు ఉన్న లక్ష్మికి కోపం వస్తుందేమోనని, నాకు తెలియకుండా పాత దిబ్బ మీద ఇంకో దీపం పెట్టింది. ఊరు దాన్నీ చూసింది. గడివాళ్లు రెండు చోట్ల పెట్టారు గనుక రెండూ పెట్టాలి కాబోలనుకుని అందరూ రెండేసి దీపాలు పెట్టారు. దీపం పెట్టిన చోట పేడ వేయకపోతే అపచారం. అందుకని పొద్దున ఒక గంప కొత్త గోతిలో, ఒక గంప పాత దిబ్బ మీద పడటం మొదలైంది. ఊళ్లో ఉన్న దిబ్బలు రెట్టింపయ్యాయి.

మాణిక్యమ్మ మా గేటు ముందు నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "నీ దీపానికి నేననుకున్న దానికంటె బలముంది దొరా. ఇగ దీపంతోని కాదు, నోటితోని అడగాలె. నడువు."

"ఎక్కడికి?"

"ఇంటింటికి."

మా ఇంట్లో ఎవరూ మరొకరి గడప ముందు నిలబడి ఏదీ అడగలేదు. మా నాన్న చేను అమ్మినప్పుడు కూడా కొనేవాణ్ని ఇంటికి పిలిపించుకున్నాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. "నువ్వేం వంగకు. నిటారుగనే నిలబడు. కాని నిలబడు," అంది.

పంటలు ఇంటికి చేరాక, ఆ ఎండాకాలమంతా తిరిగాం. ఆమెకు ఒక పద్ధతి ఉండేది. గడప మధ్యలో నిలబడదు, ఒక పక్కకు నిలబడుతుంది. ఆడవాళ్లను అవ్వా, అక్కా, వదినా అని పిలిచి ముందు మంచినీళ్లు అడుగుతుంది. తాగి, చెంబు తిరిగి ఇచ్చాకే దిబ్బ మాట ఎత్తుతుంది. ఆమె ఎన్ని తాగగలదో అని నాకు ఆశ్చర్యంగా ఉండేది. కింది వాడలో మొదట వెళ్లింది హుసేనప్ప ఇంటికి. అతను మంచం మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. నన్ను చూసి లేవలేదు. మనవరాలు చెంబుతో నీళ్లు తెచ్చింది. మాణిక్యమ్మ తాగి, "దొరకు గూడ తే బిడ్డా," అంది.

మా ఇంట్లో మాకు మా బావి ఉంది. అది దిబ్బకు ఎగువన ఉంటుంది. వాగు బోరు నీళ్లు అంతవరకు నేనెన్నడూ నోట పోసుకోలేదు. ఆ ఇళ్లలో నీళ్లు ముట్టకూడదన్న మాట కూడా చిన్నప్పటినుంచి విన్నదే. హుసేనప్ప తాడు పేనడం ఆపి నా చేతులవైపే చూస్తున్నాడు. మాణిక్యమ్మ మాత్రం చూడలేదు. గోడ మీది క్యాలెండరు వైపు తల తిప్పుకుని నిలబడింది. నేను తీసుకుని తాగాను.

"ఎట్లున్నయ్ దొరా?" అన్నాడు హుసేనప్ప.

"ఉప్పగా ఉన్నాయి."

"ఎండకాలం గట్లనే ఉంటయ్. వానకాలం రా, వాసన గూడ వస్తది." తాడు పక్కన పెట్టి మంచం మీద జరిగి చోటిచ్చాడు. "కూసో. పెంట గురించే గద వచ్చినవ్? తీస్త. కని మా ఎద్దులు ముసలివైనయ్. నీ బండి గూడ కట్టాలె మల్ల."

కట్టాను. మా బండి ముందు మా దిబ్బను మోసింది, తర్వాత హుసేనప్పది, ఆ తర్వాత అడిగినవాళ్లందరిదీ. పాత దిబ్బ అడుగు తవ్వుతుంటే మా తాతల కాలం నాటి నల్లటి పొర వచ్చింది. పిడికిట పడితే పొడిపొడిగా రాలింది. ఇలాంటి పెంట ఎక్కడా చూడలేదని హుసేనప్ప అన్నాడు. అతని నోట నేను విన్న మెచ్చుకోలు అదొక్కటే. చల్లిన నాడే దున్నాలని, మిరుగం కార్తె వచ్చేలోపు వాగు వైపు పని ముగియాలని మాణిక్యమ్మ చేల వెంట తిరుగుతూ అరిచేది. కొందరు వినలేదు. ఇద్దరు ముగ్గురు ఆమెను చూసి దారి మార్చుకునేవారు. ఆమె అడ్డదారిన వెళ్లి ఎదురయ్యేది. ఆ వానకాలం కింది వాడనుంచి ఏ ఆటో వనపర్తికి పరుగెత్తలేదు.

తర్వాతి ఎన్నికలో ఆమె ఓడిపోయింది. పెంట మోయించిన సర్పంచి అని ఎదుటివాళ్లు పాట కట్టి మైకులో పాడారు. ఆ పాట ఆమే అందరికంటే గట్టిగా పాడి నవ్వేది. "ఓడితే ఏమైతది దొరా? నీళ్లకు నేను ఓడిన సంగతి తెల్వదు గద," అంది. అప్పుడు నేను ఆమెకు కృతజ్ఞతగా రెండు మాటలు చెప్పాలనుకున్నాను. మా ఇంటి మనుషులకు ఆ మాటలు సులభంగా రావు. ఆమెకు అర్థమైందనుకుంటాను. పోయిన చలికాలం గుండె ఆగి ఆమె పోయింది. బీచుపల్లి దగ్గర కృష్ణలో ఆమె బూడిద కలిపేటప్పుడు ఆమె కొడుకు పక్కన నేనూ మోకాళ్లలోతు నీళ్లలో నిలబడ్డాను. ఎవరూ పిలవలేదు. ఎవరూ వద్దనలేదు కూడా.

ఇలాంటి పని ఒకసారి చేస్తే అయిపోయేది కాదని ఆమె పోయాక తెలిసింది. కొత్తవాళ్లు వస్తారు, పాతవాళ్లు మరిచిపోతారు. కొత్త సర్పంచికి వేరే పనులున్నాయి. అందుకని మిరుగానికి ముందు ఇంటింటికీ తిరిగే పని నా మీద పడింది. పడిందనడం సరికాదు, నేనే ఎత్తుకున్నాను. తిట్టేవాళ్లు తిడతారు. కోర్టు అమీనా జప్తుకు మా ఇంటికి వచ్చిన రోజు కూడా తల దించని మనిషిని నేను. ఒక రైతు తన పెరట్లో నిలబడి నన్ను కసురుకుంటే ఇప్పుడు నాకు చిన్నతనంగా అనిపించదు. అది మాణిక్యమ్మ పెట్టిన భిక్ష.

ఈ ట్రాలీ వెళ్లాక నేనూ లేచి వాగు వైపు నడిచాను. గట్టు చేను కౌలుకు తీసుకుని రాయచూరు వైపునుంచి కొత్తగా ఒక కుటుంబం దిగింది. బోరుకు ఎగువన పచ్చి పేడ కుప్ప వేశారని విన్నాను. గుడిసె ముందు ఒక యువకుడు నాగలి కర్రు సరిచేస్తున్నాడు. నేను పక్కగా నిలబడ్డాను. అతను తలెత్తి పైనుంచి కిందిదాకా చూశాడు.

"యారప్పా నువ్వు? ఆఫీసోనివా?"

ఈ ఊళ్లో నన్ను ఆ మాట అడిగినవాళ్లు అంతవరకు లేరు. మా తాత పేరు నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాను.

"కాదు. ఈ బోరు నీళ్లు తాగేటోణ్ని," అన్నాను. "జర చెంబెడు నీళ్లియ్యి తమ్మీ. ఒక మాట మాట్లాడాలె."