అది గద కాదు, మైకు!

మొన్న శనివారం తొమ్మిది మంది నా కాళ్ళకు మొక్కారు. లెక్క నాది కాదు, మా అమ్మాయి సింధుది. అందులో ముగ్గురు నాకంటే పెద్దవాళ్ళు. ఒకావిడకైతే మా అమ్మ వయసుంటుంది! నేనేమైనా సన్యాసం పుచ్చుకున్నానా? ఉండేది ఎమ్మిగనూరు, చేసేది బ్లౌజులు కుట్టే పని, ఆరోజు బయల్దేరింది బెంగళూరులో పాటల కచేరీకి. దారిపొడవునా నన్ను స్వామిని చేసి కూర్చోబెట్టిన ఈ జనాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

మొదటినుంచీ చెప్తాను. టీ చల్లారితే నన్నడగొద్దు.

మా సింధు ఆదోనిలో డిగ్రీ రెండో సంవత్సరం. దానికీ, దాని స్నేహితురాలు రేష్మాకీ ఒక పాటగాడంటే పిచ్చి. ఆ పిల్లగాడికి మీసం కూడా సరిగ్గా రాలేదు, ఏం పాడతాడో ఒక్క ముక్క అర్థం కాదు. వాడు బెంగళూరు వస్తున్నాడని నెలల ముందే టికెట్లు తీసుకున్నారు. మా ఆయనేమో, "మీ అమ్మ తోడొస్తేనే పోవల్ల" అని తేల్చేశాడు. అలా మూడో టికెట్ నాకొచ్చింది.

ఈ కచేరీకి మామూలు బట్టల్లో పోకూడదట! అభిమానులందరూ ఒకే రంగు చొక్కా వేసుకోవాలట. దాని పేరు సన్‌సెట్ కలర్. చేతికి పూసల బ్రేస్‌లెట్లు స్వయంగా గుచ్చుకుని పోవాలట, అక్కడ ముక్కూ మొహం తెలియనివాళ్ళతో మార్చుకోవాలట.

"చొక్కాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి మా, ఆర్డర్ పెడతా" అంది సింధు.

నాకు రోషం వచ్చేసింది. ఇరవై ఏళ్ళుగా మిషన్ తొక్కుతున్నాను. ఈ ఊళ్ళో సగం మంది పెళ్ళికూతుళ్ళ జాకెట్లు నా చేతిమీదుగా పోయినవే. నా కూతురు కొన్న చొక్కా వేసుకోవడమా? "నేను బతికే ఉండాను కదమ్మే! నేను కుడతా!" అన్నాను.

అది ఒక్క నిమిషం నావైపు చూసి, ఫోన్ తీసి కాలేజీ గ్రూపులో పెట్టేసింది, "మా అమ్మ కుడుతోంది" అని. వాళ్ళమ్మ టైలరని కాలేజీలో ఎప్పుడూ చెప్పుకోని పిల్ల అది. నాకు తెలియదనుకునేది. ఆ మెసేజ్ చూసినప్పటినుంచీ నాకు ఒకటే పట్టుదల. ఆ కచేరీకి పోవాలి, అంతమంది మధ్యలో నా కూతురు తలెత్తుకుని "మా అమ్మ కుట్టింది" అనాలి. చొక్కాల సంగతి నాకు ఇక పండగతో సమానమైపోయింది.

రంగు మా మరిది సీను పని. వాడు మగ్గాలవాళ్ళకు నూలుకు రంగేస్తాడు. ఫోన్లో సూర్యుడు అస్తమించే ఫోటో చూపించి, పైన పసుపు, కిందికొచ్చేకొద్దీ ఎరుపు అని విడమర్చి చెప్పాను. బాగా తల ఊపాడు. సాయంత్రానికి మూడు చొక్కాలూ తీగ మీద నిలువునా ఒకే రంగులో ఆరుతున్నాయి.

"ఏంది సీనా ఇది? కావిగుడ్డల మాదిరుండాయి!"

"సూర్యుడొక్కడే కదొదినా, రంగులు రెండెట్లుంటాయి?" అన్నాడు. వాడితో ఏం వాదిస్తాం!

పోనీ, పనితనంతో సర్దుకుందామనుకున్నాను. ఛాతీ మీద మైకు కుట్టమంది సింధు. మైకంటే ఏముంది? కింద పిడి, పైన గుండు. పిడి బంగారు జరీతో కుట్టాను. గుండు మీద అడ్డంగా, నిలువుగా గీతలు వేసి, మెరవాలని చుట్టూ చమ్కీలు పెట్టాను. పైన దారం ముడి కనబడుతోందని దానిమీద చిన్న మొన లాగా ఒకటి తీశాను. ఎంత బాగా కుదిరిందంటే నా కళ్ళే నాకు తగులుతాయేమో అనిపించింది.

సింధు తల అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. "అమ్మా, ఇది మైకేనా?"

"కాకపోతే గరిటనా?" అన్నాను. అది చొక్కా మడిచి సంచిలో పెట్టుకుంది.

ఇక బ్రేస్‌లెట్లు. అక్షరాలున్న పూసలు కొరియర్లో రావాలి, రాలేదు. ఆదోని బజారంతా తిరిగినా దొరకలేదు. చివరికి పూజ సామాన్ల అంగట్లో చెక్క పూసలు కనబడ్డాయి. అంగడాయన పూసలు పొట్లం కడుతూ, "ఎన్ని రోజులకు తల్లీ?" అన్నాడు.

"ఒక్కరోజుకేన్నా."

"ఒక్కరోజుది కూడా వచ్చిందా ఇప్పుడు!" అని గొణుక్కున్నాడు. నాకు అర్థం కాలేదు, నేనూ అడగలేదు. అడిగుంటే ఈ కథే లేదు.

శనివారం వచ్చింది. ఆదోనిలో తొమ్మిదికి రైలు. ఆరున్నరకే మేము ముగ్గురం ఎమ్మిగనూరు బస్టాండులో ఉన్నాం, మూడు చొక్కాలూ తగిలించుకుని, చేతులనిండా చెక్క పూసలతో. శ్రావణమాసం కదా, ఇసకేస్తే రాలనంత జనం. అంత జనంలోనూ ఒక కండక్టరు దూరంనుంచే మమ్మల్ని చూసి కేకేశాడు.

"రాండి తల్లీ, రాండి! మీకు ముందు సీట్లు! ఓ పెద్దాయనా, లేసి ఆ తల్లికి సీటియ్యప్పా!"

ఆడవాళ్ళకు ఇంత మర్యాదా అని పొంగిపోయాను. మాకు బస్సు ఉచితం కదా, టికెట్ చేతికిచ్చినా చదివేదెవరు? సంచిలో వేసేశాను. పిల్లలు చెవుల్లో వైర్లు పెట్టుకుని పాటలు బట్టీ పడుతున్నారు. నేనేమో ఆఖరి బ్రేస్‌లెట్ గుచ్చుతూ తల ఎత్తలేదు. బస్సు ఆగి అందరూ దిగుతుంటే ఒకామె నా ముందు వంగింది. ఏదో పడిపోయిందేమో, తీసిద్దామని నేనూ వంగాను. ఇద్దరి తలలూ ఠంగుమన్నాయి. ఆమె నా కాళ్ళకు మొక్కి దిగిపోయింది!

దిగి చూస్తే రైల్వే స్టేషన్ లేదు. గుండ్లు ఉన్నాయి. ఎటు చూసినా అప్పుడే గీయించుకున్న గుండ్లు, కొబ్బరికాయల బుట్టలు, పిల్లల ఏడుపులు. ఉరుకుంద! ఈరన్నస్వామి సన్నిధి! మమ్మల్ని తిరునాళ్ళ బస్సెక్కించాడు ఆ మహానుభావుడు!

"ఆదోని బస్సు యాడ నిలుస్తాది పెద్దాయనా?" అని ఒకాయన్ని అడిగాను.

"దర్శనం కాకుండా యాడికి పోతారు మాతా? ఆడబిడ్డలు కూడా దీక్ష పట్టినారు, శానా సంతోషం."

"దీక్షేంది?"

"హనుమంతుని మాల కదా! గద ఉండాదే!" అని నా ఛాతీ మీది బొమ్మకు దూరంనుంచే దండం పెట్టాడు.

"అది గద కాదు, మైకు!"

"ఏదో ఒకటిలేమ్మా, స్వామి సేతిలోది కదా. చెప్పులతో ఉండారే, ఇప్పండి ఇప్పండి" అని మా చేత చెప్పులు విప్పించి, పుణ్యం మూటగట్టుకుంటున్నంత ఆనందంగా మమ్మల్ని వరసలోకి తోసేశాడు. లోపలికి పోయాక రెండువైపులా ఇనుప కమ్మీలు, ముందు జనం, వెనక జనం. వెనక్కి తిరిగే దారి లేదు. వరసలో కనబడ్డ ప్రతివాడికీ చెప్పాను, మైకప్పా, మైకు అని. ఒకామె నన్ను జాలిగా చూసి, "ఉపాసాలుంటే అట్లే తల తిరుగుతాదిలే" అంది. ఎంత ఒళ్ళు మండిందో!

దేవుడి ముందుకు వచ్చేసరికి తొమ్మిదీ ఇరవై. రైలు పోయింది. సింధు వెక్కివెక్కి ఏడుస్తోంది. చుట్టూ ఉన్నవాళ్ళు దాని భక్తికి మురిసిపోయారు. నేను చేతులు జోడించి, "స్వామీ, అది మైకు. నీకైనా తెలుసు కదా" అని బయటికొచ్చాను.

నా కోపమంతా అప్పుడు ఏడుపుగా మారింది. కొన్న చొక్కా వేసుకుని ఉంటే నా బిడ్డ ఈపాటికి రైల్లో కూర్చుని పాటలు పాడుకుంటూ ఉండేది. నా రోషమే దాని నోటికాడి కూడు లాగేసింది.

గుడి బయట ఒక టెంపో నిలబడి ఉంది. ఆదోని పక్క పల్లెలవాళ్ళు, బెంగళూరులో బిల్డింగు పనులు చేసుకుంటారు, మొక్కు తీర్చుకుని తిరిగి పోతున్నారు. వాళ్ళలో ఈరమ్మ అని ఒక ముసలామె సింధును చూసి దగ్గరికొచ్చింది.

"యాంటికేడుస్తాండావు తల్లీ?"

"బెంగళూరు పోవల్ల అవ్వా. రైలు పోయింది."

"అంతేనా! మేమూ ఆడికే పోతాండాము. ఎక్కండి! మాల ఏసినోళ్ళు కూచుంటే బండికి మంచిది."

చూడండి, అప్పుడు నేను నోరు తెరవాలి. పొద్దుటినుంచీ గద కాదు, గద కాదని ఊరంతటితో పోట్లాడినదాన్ని. ఆ క్షణంలో నేనేం చేశానో తెలుసా? చొక్కా కిందికి లాగి, గద బాగా కనబడేలా నిలబడ్డాను.

టెంపో ఎక్కగానే ఈరమ్మ వంగి నా కాళ్ళకు మొక్కింది. కాళ్ళు వెనక్కి లాక్కున్నాను, ఆమె వదల్లేదు. నేను తల కిటికీవైపు తిప్పేశాను. ఆమె ఇవేం పట్టించుకోకుండా రేష్మా పక్కన కూర్చుని పేరడిగింది. రేష్మా నావైపు భయంగా చూసి, చెప్పేసింది.

"మంచి పేరు. మా ఊర్లో పీర్ల పండక్కి మేమే ముందు నడుస్తాము. దేవునికి పేర్లతో ఏం పని?" అని దాని తల నిమిరింది.

అనంతపురం దగ్గర హోటల్‌లో ఆగాం. మగవాళ్ళు ఆమ్లెట్లు చెప్పారు. స్వాములకు మాత్రం పెరుగన్నం, అరటిపండ్లు! నూనెలో ఉల్లిగడ్డ వాసన వస్తుంటే రేష్మా నా చెవిలో, "ఆంటీ, కచేరీ అయినాక బిరియాని" అంది. ఒట్టేశాను.

బండి కదిలాక, "ఒక భజన పాట పాడండి స్వామీ" అన్నాడు డ్రైవరు. నాకు ఒక్కటీ గుర్తు రాలేదు! పిల్లలిద్దరూ కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, ఆ మీసం రాని పిల్లగాడి పాటే ఒకటి నిదానంగా ఎత్తుకున్నారు. పెనుకొండ దాటేసరికి టెంపో అంతా చప్పట్లు కొడుతూ పల్లవి పాడుతోంది. అర్థం తెలిసినవాడు ఒక్కడు లేడు. నాకూ తెలియదు, నేనూ పాడాను.

బెంగళూరు దగ్గర పడింది. "యాడ దింపల్ల మాతా?" అన్నాడు డ్రైవరు. మైదానం పేరు చెప్పాను.

"ఆడ ఏముండాది?"

"సాయంత్రం... పెద్ద భజన ఉండాది" అన్నాను. నా నోటితోనే అన్నాను!

"అట్లయితే మేమూ వస్తాము, పెసాదం తీసుకుని పోతాము" అంది ఈరమ్మ. బండి నిండా అందరూ సరేనన్నారు.

ఆరూ ముప్పావుకు టెంపో గేటు దగ్గర ఆగింది. గేటు ముందు వేలమంది పిల్లలు, అందరూ కాషాయం, నారింజ చొక్కాలు, చేతులనిండా పూసలు. డ్రైవరు బ్రేకు మీద కాలుంచి, "అప్పో! ఎంతమంది స్వాములు!" అన్నాడు. ఈరమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

ఇక నావల్ల కాలేదు. ఈరమ్మను కిందికి దించి, అంతా చెప్పేశాను. చొక్కాలు, పూసలు, సీను రంగు, రైలు, నా అబద్ధం, అన్నీ.

ఆమె గేటు ముందరి పిల్లలవంక ఒకసారి చూసింది. తర్వాత మెల్లగా, "నాతో కాళ్ళు మొక్కించుకుంటివే" అంది.

తిట్టినా బాగుండేది. నేను ఆ రోడ్డు మీదే వంగి ఆమె కాళ్ళు పట్టుకున్నాను. నా కళ్ళల్లో నీళ్ళు ఆమె పాదాల మీద పడ్డాయి.

"లెయ్, లెయ్. సరికి సరి అయిపాయ" అంది. సింధు తన చేతి పూసలు తీసి ఆమె చేతికి తొడిగి, "ఈడ ఇట్లే మార్చుకుంటారవ్వా" అంది. ఆమె తన ముంజేతికున్న ఉరుకుంద దారం విప్పి సింధుకు కట్టింది. టెంపో ఎక్కబోతూ వెనక్కి తిరిగి నా ఛాతీవంక కళ్ళు చిట్లించి చూసింది.

"పాటకు పోతాండారు, పోండి, తప్పులేదు. కానీ నువ్వెన్ని సెప్పు తల్లీ, అది గదే."

లోపలికి సమయానికే పోయాం. గేటు దగ్గర నలుగురు బెంగళూరు పిల్లలు సింధును ఆపి, ఈ చొక్కా ఎక్కడ కొన్నావని అడిగారు. నా బిడ్డ తల ఎత్తి, "మా అమ్మ కుట్టింది" అంది. ఆ తర్వాత ఆ పాటగాడు ఏం పాడాడో నాకు తెలియదు. నేను ఏడుస్తూనే ఉన్నాను.

కథ అక్కడితో అయిపోయుంటే నాకీ మంట ఉండేది కాదు. సోమవారం మా వీధిలో కరెంటు పని చేసే నాగరాజు వచ్చాడు. నిజంగానే హనుమంతుని మాల వేసుకుంటాడట. "అక్కా, సింధు ఫోన్లో పెట్టిన ఫోటోలో మీ గద సూసినా, శానా బాగుండాది. నా చొక్కాకు అట్లాంటిదే కుట్టియ్యి" అన్నాడు.

ఈసారి తప్పు జరగకూడదని క్యాలెండర్‌లో స్వామి బొమ్మ ముందు పెట్టుకుని, రెండు రోజులు కూర్చుని, అచ్చమైన గద కుట్టాను. నాగరాజు చొక్కా విప్పి చూశాడు. వెలుతురులోకి తీసుకుపోయి మళ్ళీ చూశాడు.

"బాగుంది గానీ అక్కా," అన్నాడు, "నేను మాల ఏసుకుంటాండా కదా. నాకు మైకు యాంటికి కుట్టినావు?"