తాళం కింది మాట

ఫోరస్ రోడ్డు నుంచి వర్లి వెళ్లే బస్సులో, పక్క సీటామె తన ఫోన్ నా ముందు పెట్టింది.

"అన్నా, జర గిది ఖోల్ చేసియ్యి, తెరుసుకుంటలేదు. కట్టే బిల్డింగు పరంజా మీదికెల్లి పడి చచ్చిపోయిన మా ఆయన గురించి రాసిండ్రట."

తెర మీద ఉన్నది నా బ్లాగే. 'కింద పడ్డాక తోటి కూలీతో అతను అన్న చివరి మాట' అన్నచోట అక్షరాలు మసకబారి, కింద తాళం బొమ్మ ఉంది. మిగతాది చందా కట్టినవాళ్లకే. నాలుగు రాళ్లొస్తాయని ఆ సైటు ఎంచుకున్నది నేనే.

నా పాస్‌వర్డ్ కొట్టి, చదివి వినిపించాను. "ఇంట్ల ఇప్పుడే చెప్పకుండ్రి. దాన్ని అన్నం తిననియ్యుండ్రి."

ఆమె ఫోన్ వెనక్కి తీసుకుంది.

"అవునన్నా. నేను తిన్నంకనే చెప్పిండ్రు."

తర్వాత అడిగింది. "మేమందరం కిరాయికుండే చాల్ గేటు కాడి బోర్డు మీద సుద్దతోని ఆయన పేరు రాస్తే, దారినపోయేటోళ్లు గూడ ఆగి సదివిండ్రు. గీ మాటకు తాళం ఎవరేసిండ్రన్నా?"

"తెల్వదమ్మా" అన్నాను.

తర్వాతి స్టాపులో దిగిపోయింది. ఇప్పుడు నా రాతలు ఎవరైనా చదవగలిగే చోటే పెడుతున్నాను. ఆమెకు చెప్పాల్సిన ఆ ఒక్క జవాబు మాత్రం ఎక్కడా రాయలేకపోయాను.