వెనక అర్రలో తేమ

వందన ఎల్లారెడ్డిలో ఒక ల్యాబులో టెక్నీషియన్. రోజంతా రక్తం పరీక్షించి అంకెలు రాయడమే పని. అందుకే ఇంట్లో కూడా కొలవకుండా దేన్నీ నమ్మేది కాదు. భర్త సుందర్ కామారెడ్డిలో విత్తనాల గోదాములో పనిచేసేవాడు, రోజూ బస్సులో వెళ్లి వచ్చేవాడు.

ఎల్లారెడ్డిలో ఇల్లు కొన్నాక మూడో వానాకాలంలో అత్త చంద్రవ్వకు దగ్గు పట్టుకుంది. ఆమె పడుకునే వెనక అర్రలో గోడలు మోకాలెత్తు వరకు నల్లబడ్డాయి. అల్మారాలో పెట్టిన బైబిలు అట్టకు బూజు పట్టింది. డాక్టరు మందులు రాసి, ముందుగా ఆ గదిలో తేమ తగ్గించమన్నాడు.

తేమ లాగే మిషన్ ఒకటి సుందర్ ఫోనులో చూపించాడు, చెంబంత ఉంది. వందన ఒప్పుకోలేదు. గది పొడవు వెడల్పులు టేపుతో కొలిచింది. తేమ మీటరు తెచ్చి గోడకు తగిలిస్తే డెబ్బై ఎనిమిది శాతం చూపింది. ఆ కొలతలు రాసిన చీటీ పట్టుకొని కామారెడ్డి దుకాణానికి వెళ్లింది.

"చిన్నది అల్మారాకు పనికొస్తదమ్మ, అర్రకు కాదు," అన్నాడు దుకాణదారు. "కంప్రెసర్ ఉన్నది తీస్కోండ్రి. తలుపులు, కిటికీలు మూసి నడపాలె. యాభై అయిదుకు దిగితే చాలు. మూడు నాలుగు రోజులల్ల దిగుతది."

ఆయన చెప్పిన మిషనే కొని తెచ్చి, మొదట ముందు గదిలో పెట్టి చూసింది. రెండో రోజుకే యాభై నాలుగు. వెనక అర్రలోకి మార్చితే డెబ్బై ఒకటికి దిగి అక్కడే ఆగిపోయింది. మిషన్ అడుగున ఉన్న మూడు లీటర్ల డబ్బా రోజుకు రెండుసార్లు నిండుతోంది.

"యాడికెళ్లి వస్తున్నయ్ బిడ్డా గిన్ని నీళ్లు?" అని చంద్రవ్వ అడిగింది.

వానలు ఆగి పది రోజులు ఎండ కాసింది. డబ్బా నిండటం ఆగలేదు. వందన మిషన్ జాలీ కడిగింది, తలుపు కింద సందులో గుడ్డలు కుక్కింది, నల్లా పైపు ఒకరోజు బందు పెట్టి చూసింది. తేడా లేదు. చివరికి బండల మీద ప్లాస్టిక్ కవరు పరిచి అంచులు టేపుతో అంటించింది. మర్నాడు ఎత్తి చూస్తే దాని కింద నీటి బొట్లు. తేమ గోడల నుంచి కాదు, నేల నుంచి వస్తోంది.

ఆ వారమే ఇంకోటి గమనించింది. డబ్బాలో నీళ్లు ఒకవైపు రెండు లీటర్ల గీతను తాకుతుంటే, రెండోవైపు వేలి మందం కిందికి ఉన్నాయి. మిషన్ ముందు గదిలో పెడితే నీళ్లు సమంగా నిలిచాయి. వెనక్కి తెస్తే మళ్లీ వంగాయి. మూడు రోజుల తర్వాత తేడా రెండు వేళ్లయింది; అర్ర నేల ఒకవైపు కుంగుతోంది.

వాళ్లకు ఆ ఇల్లు అమ్మినవాడి అన్న భూమయ్య పక్కింట్లోనే ఉంటాడు. వందన వెళ్లేసరికి అరుగు మీద అనపకాయలు ఒలుస్తున్నాడు. అంతా విని, చేతిలో కాయ అలాగే పట్టుకొని అడిగాడు.

"నీళ్లు ఏ మూలకు వంగినయ్?"

"వంటింటి దిక్కు."

భూమయ్య కాయ పక్కన పెట్టాడు. "గాడ చేదబావి ఉండె. మా నాయిన తవ్విపిచ్చిండు. మా తమ్ముడు చెత్త, మొరం పోసి పూడిపిచ్చి, దాని మీదనే అర్ర కట్టిండు."

"కొనేటప్పుడు ఎందుకు చెప్పలే బాపు?"

"చెప్తే మీరు కొనకపోదురు."

వందన గబగబా వెనుదిరిగింది. ఇంటికి వచ్చి మిషన్ ప్లగ్గు తీసేసింది. అర్ర ఖాళీ చేయాలంటే చంద్రవ్వ మంచం దిగనంది.

"నేను యాడికి రాను. గీడనే పండుకుంట."

"అత్తమ్మా, మీరు నడిచి వస్తరా, మంచంతోటి ఎత్తుకపోవాల్నా?"

అంటూనే వందన మంచం పట్టుకొని ఎత్తబోయింది. చంద్రవ్వ లేచి చెప్పులు వేసుకుంది. ఆ రాత్రి ముగ్గురూ ఎదురింట్లో తలదాచుకున్నారు.

మర్నాడు పొద్దున పది గంటలకు సుందర్, వందన ముందు గదిలో బట్టలు మూట కడుతుంటే బియ్యం బస్తా జారి పడ్డట్టు చప్పుడైంది. ఇల్లు ఒక్కసారి అదిరింది. సుందర్ వెనక అర్రలోకి పోబోతే వందన చొక్కా పట్టి లాగింది. అర్ర గడప బయటి నుంచే చూశారు. మంచం, మిషన్ కనిపించలేదు. అవి ఉన్నచోట గుండ్రంగా నల్లటి బొంద, అడుగున ఎక్కడో నీళ్లు కదులుతున్న చప్పుడు. కుళ్లిన వాసన వచ్చింది.

చంద్రవ్వను తీసుకొచ్చి చూపించలేదు. ఆమె అడగనూ లేదు. కిరాయి ఇంటికి మారాక నెలలోపే దగ్గు తగ్గింది. మందుల వల్లనేనని అందరితో చెప్పుకునేది. ఆ అర్ర మొత్తం కూల్చి, బావిని అడుగు నుంచి రాళ్లతో నింపితే తప్ప ఇంట్లో ఉండొద్దని ఇంజనీరు చెప్పాడు. అమ్మినవాడు ఫోనెత్తడం లేదు.

బొంద చూడటానికి వచ్చిన భూమయ్యను వందన పక్కకు పిలిచింది.

"ఈ వరుసల ఇంకేమన్న బావులున్నయా?"

"ఇంకో రెండుండె," అన్నాడాయన. "అప్పుడంత చెలక భూములే. ఇండ్లు లేచినంక యాడున్నయో ఆనవాలు పడుతలేను."

గల్లీవాళ్లు కలిసి బావుల గుర్తులున్న పాత భూమి పటం కోసం అర్జీ పెట్టారు. ఆ వరుసలో పదకొండు ఇండ్లున్నాయి. వందన ఇల్లు తప్ప అన్నింట్లో మనుషులు కాపురం ఉంటున్నారు.